ఊరి పిల్లల్ని సన్మానించే ముందు వాళ్ళు చేసిన పనేమిటో ఊరికి చెప్పండి

మీరు అడిగింది ఇదీ. ఉరవకొండ వైపు మీ పల్లెలో పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే పద్నాలుగు మంది పిల్లలు ఈ వేసవిలో చెరువుకు నీళ్ళొచ్చే వంకలో పెరిగిన సర్కారు తుమ్మ ముళ్ళ కంప కొట్టేశారు. అందులోనే ఒకమ్మాయి రోజూ సాయంత్రం చిన్నపిల్లలకు చదువు చెబుతోంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎవరికి రక్తం కావాలన్నా అనంతపురం పోయి ఇచ్చి వస్తున్నారు. ఊరివాళ్ళు ఇరవై వేలు పోగు చేశారు. వీళ్ళలో మొదటి బహుమతి ఎవరికివ్వాలి, అతిథిగా ఎవరిని పిలవాలి, ఆగస్టు 12న పెట్టాలా జనవరి 12న పెట్టాలా అని అడిగారు.

తమ్ముడూ, ఈ ఆలోచన వచ్చినందుకే మీ ఊరికి దండం పెట్టాలి. పిల్లలు సెల్లు పట్టుకుని కూర్చుంటున్నారని తిట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళు మంచి పని చేసినప్పుడు నలుగురినీ కూర్చోబెట్టి చెబుదామనుకునేవాళ్ళు తక్కువ. నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పద్నాలుగేళ్ళు ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పనులు చూశాను. దత్తత గ్రామాల్లో ఏడు రోజుల క్యాంపులు, ముగింపు సభలు, సన్మానాలు లెక్కలేనన్ని చేశాను. అందులో కొన్ని పిల్లలకు మేలు చేశాయి, కొన్ని చెడుపు చేశాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో నాకు ఇప్పుడు బాగా తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చెడిన కార్యక్రమం గురించి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో ఇంటర్ చదివే ఒకమ్మాయి వాళ్ళింటి అరుగు మీద పాతికమంది పిల్లలకు ఎక్కాలు, చదవడం, రాయడం నేర్పేది. ఏడాదిన్నర ఒక్క రోజు మానలేదు. ఊరివాళ్ళు యువజన దినోత్సవం అని పెద్ద సభ పెట్టారు. వేదిక మీద పన్నెండు కుర్చీలు. అన్నింటిలోనూ పెద్దలే, అందులో ఒకటి నాది. పిల్లలు ఎండలో పట్టాల మీద కూర్చున్నారు. రెండు గంటలు ఉపన్యాసాలు నడిచాయి. ఆ అమ్మాయిని వేదిక మీదికి రెండుసార్లు పిలిచారు. మొదటిసారి అతిథులకు పూలగుత్తులు ఇవ్వడానికి, రెండోసారి శాలువా కప్పడానికి. కప్పేటప్పుడు పేరు తప్పు పిలిచారు. ఏం చేసిందో ఒక్కరూ చెప్పలేదు. 'సమాజసేవ చేస్తున్న చిరంజీవి' అన్నారంతే. ఆ రాత్రి వాళ్ళ నాయన, 'ఇంతోటిదానికా ఇంటి పని వదిలేసి ఊరి పిల్లల్ని నెత్తిన పెట్టుకున్నావు' అన్నాడట. నెల తిరక్కుండా ఆ అరుగు ఖాళీ అయిపోయింది. ఆ రోజు మైకు నా చేతిలో కూడా పడింది. ఆ పాతికమంది పిల్లల గురించి నేను రెండు మాటలు చెప్పి ఉంటే వాళ్ళ నాయన వినేవాడు. చెప్పలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

అందుకే నేను చెప్పేది ఒకటే. శాలువా ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ఆ పిల్ల ఏం చేసిందో, ఎన్ని రోజులు చేసిందో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో ఊరు వినేలా పేరు పేరునా చెప్పాలి. ఆ తర్వాత చేయబోయే పనికి కావలసినవి వాళ్ళ చేతిలో పెట్టాలి. మీ ఇరవై వేలూ, మీ సాయంత్రమూ ఈ రెండింటికే ఖర్చు కావాలి.

చెప్పాలంటే ముందు మనకు తెలియాలి కదా. సభకు వారం ముందు ఒక సాయంత్రం మీరు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఆ పద్నాలుగు మందితో చెరువు కట్ట మీద కూర్చోండి. నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కొక్కరినీ 'నువ్వేం చేశావు' అని అడిగితే సిగ్గుపడి 'అందరం చేసినాం సార్' అంటారు. అలా అడగొద్దు. 'నీ పక్కనున్నవాడు ఏం చేశాడు' అని అడగండి. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. ఎవడో రోజూ తెల్లారి ఐదింటికే లేచి గొడ్డళ్ళకు, కొడవళ్ళకు పదును పెట్టి ఉంటాడు. ఎవరో అమ్మాయి బిందెతో నీళ్ళు మోసి ఉంటుంది. ఎవరికో కాలిలో ముల్లు దిగితే సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడొకడు ఉంటాడు. వంక పక్క చేనుగల రైతు 'నా గట్టు తెగుతుంది' అని అడ్డం తిరిగితే ఆయనకు నచ్చజెప్పి వచ్చిన పిల్లో పిల్లాడో తప్పకుండా ఉంటారు. వాళ్ళే మీ ఊరి నాయకులు. చాలాసార్లు ఫోటోల్లో వాళ్ళు కనిపించరు.

నాయకత్వం అంటే ఏమిటో నాకు కళ్ళకు కట్టినట్టు చూపించింది ఒక కుర్రవాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది కదా. నీళ్ళు తీశాక మా కాలేజీ పిల్లల్ని తీసుకుని బురద ఎత్తడానికి పోయాం. ఇళ్ళల్లో మోకాలి లోతు బురద. మంచాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోనే. మా వాళ్ళు పారలు పట్టుకుని ఏ ఇంటివాళ్ళు పిలిస్తే ఆ ఇంట్లో దూరిపోయారు. గుత్తి వైపు నుంచి వచ్చిన డిగ్రీ రెండో ఏడు కుర్రవాడొకడు మాత్రం గంటసేపు కనిపించలేదు. పని తప్పించుకున్నాడేమో అని నాకు కోపం కూడా వచ్చింది. వచ్చాక నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద రాసుకొచ్చాడు. ఆ రెండు సందుల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళు ఏడు, మంచం పట్టినవాళ్ళున్న ఇళ్ళు రెండు. 'సార్, గొంతున్నవాళ్ళు మనల్ని పిలుస్తున్నారు. వీళ్ళు పిలవలేరు. ముందు ఇక్కడికి పోదాం' అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులూ మేము ఆ అట్ట ముక్క చూసుకునే పనిచేశాం. ఆ పిల్లవాడు అందరికన్నా సన్నగా ఉండేవాడు, ఎత్తిన బురద కూడా తక్కువే. బురద లెక్క చూసి బహుమతి ఇచ్చి ఉంటే వాడికి ఏమీ వచ్చేది కాదు.

మొదటి బహుమతి ఎవరికి అన్న మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే. మొదటి, రెండవ, మూడవ అని పెట్టొద్దు. కలిసి కంప కొట్టిన పిల్లల్లో ఒకడిని మొదటివాడు అంటే మిగతా పదమూడు మంది ఇళ్ళల్లో ఆ రాత్రి వేరే లెక్కలు మొదలవుతాయి. ఆ ఒక్కడు ఏ వీధివాడు, ఎవరి కొడుకు, ఏ కులం అని. పల్లె సంగతి మీకు నేను చెప్పాలా? వచ్చే వేసవికి ఆ పద్నాలుగు మంది ఒక్కచోట చేరరు. అందరినీ పిలవండి, ఒక్కొక్కరికి వాళ్ళ పని వేరే మాటల్లో చెప్పండి. అది బహుమతి కన్నా ఎక్కువ.

ఏ రోజు పెట్టాలి? ఆగస్టు 12 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ యువజన దినం, 2000 నుంచి జరుపుతున్నారు. జనవరి 12 వివేకానందుని పుట్టినరోజు, మన దేశంలో 1985 నుంచి జాతీయ యువజన దినం. రెండూ మంచివే. కానీ ఆగస్టులో మన వైపు చెనిక్కాయ చేలల్లో కలుపు పనులుంటాయి. మీ పిల్లల్లో సగం మంది, వాళ్ళ తల్లులు అందరూ చేలల్లో ఉంటారు. పైగా మూడు రోజులకే జెండా పండుగ. జనవరి 12 అయితే సంక్రాంతి సెలవులకు హాస్టళ్ళ పిల్లలు ఇంటికొస్తారు, బెంగళూరులో పనిచేసేవాళ్ళు కూడా కొందరు వస్తారు. బతుకుతెరువుకు బెంగళూరు పోయిన అన్నలు తమ ఊరి తమ్ముళ్ళు ఏం చేశారో చూడాలి. వాళ్ళల్లో ఒకరిద్దరు వచ్చే ఏడాది ఖర్చు మేం పెట్టుకుంటామని అక్కడే అంటారు, చూడండి. మన దగ్గర జనం ఎక్కువగా ఊరికి చేరేది ఉగాదికే అయినా అప్పటికి పరీక్షల టెన్షన్ ఉంటుంది. కాబట్టి నా ఓటు జనవరి 12కే.

చోటు గురించి ఒక మాట. మీ ఊళ్ళో అందరూ జంకు లేకుండా కాలుపెట్టే చోటే పెట్టండి. బడి ఆవరణ అయితే మంచిది. ఒకరి వాకిట్లోనో, ఒక వీధివాళ్ళ గుడి ముందో పెడితే కాలనీ నుంచి వచ్చే తల్లిదండ్రులు దూరంగా నిలబడి చూసి పోతారు. వాళ్ళ పిల్లలు వంకలో అందరితో సమానంగా చేతులు చీరుకున్నారు కదా, సభలో కూడా వాళ్ళ అమ్మానాన్నలు ముందు వరసలో కూర్చోవాలి. నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడేలోగా ముగించండి. ఆడపిల్లలు చివరిదాకా ఉండాలంటే ఇది తప్పనిసరి.

అతిథులు ఒక్కరు చాలు. ఎవరైనా సరే, ఐదు నిమిషాలు మాట్లాడాలని ముందే చెప్పండి. ఇంకొకటి కూడా మర్యాదగా చెప్పండి, 'నేటి యువతే రేపటి పౌరులు' అనే మాట వద్దని. ఆ పిల్లలు రేపటి కోసం కంప కొట్టలేదు. ఈ ఏడు వానకు నీళ్ళు చెరువు చేరాలని కొట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో చెరువుకు పోయే వంక తెరిచి పెట్టడం చిన్న పనేం కాదు. స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిది కర్నూలు. పత్రికలో తెల్లదొరల మీద రాసినందుకు 1908లో రాజద్రోహం కింద జైలుకు పోయేనాటికి ఆయనకు పాతికేళ్ళు. జైలు నుంచి వచ్చాక గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ ఊరూరా తిరిగారు. ఆయన్ను ఎవరూ రేపు రమ్మనలేదు కదా. మన సీమ పిల్లలకు చెప్పాలంటే ఇలాంటివాళ్ళ కథ ఒకటి చెప్పమనండి ఆ అతిథిని, ఐదు నిమిషాలకు సరిపోతుంది.

మిగతా సమయమంతా పిల్లలదే. కానీ మైకు చేతికిచ్చి 'మాట్లాడు' అంటే బిక్కచచ్చిపోతారు. అలా కాకుండా చూపించమనండి. వంకలో కొట్టిన మోడు ఒకటి తెచ్చి పెట్టండి. సర్కారు తుమ్మను పైపైన నరికితే రెండు వానలకే మళ్ళీ చిగురిస్తుంది, వేరుదాకా తవ్వి పెకలించాలి. మేకలు కాయ తిని పెంటికల్లో గింజ వేసిన చోటల్లా మళ్ళీ మొలుస్తుంది. ఈ సంగతి మీ పిల్లలు అరచేతుల బొబ్బలతో నేర్చుకున్నారు. ఆ మోడు పక్కన నిలబడి ఎలా పెకలించారో చెప్పమంటే పదో తరగతి పిల్లవాడు కూడా గలగలా చెబుతాడు. చదువు చెప్పే అమ్మాయి దగ్గర చదువుకునే చిన్నపిల్ల ఒకతె ముందుకొచ్చి ఒక పేజీ చదివితే చాలు, ఆ అమ్మాయి గురించి ఇంకెవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇంకో ఊళ్ళో ఇలాగే చేశాం. ఆరేళ్ళ పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలు చదివింది. ముగించి 'మా అక్క నేర్పింది' అని వెనక్కి తిరిగి చూపించింది. ఆ అక్క వాళ్ళమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది. చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు మట్టి. పక్కనున్నావిడ ఆమె భుజం పట్టి కుదిపి, 'నీ కూతురేనా!' అంది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. లేచి నిలబడి చుట్టూ చూసి మళ్ళీ కూర్చుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి డిగ్రీకి అనంతపురం పోతానంటే ఇంట్లో ఎదురు చెప్పలేదని విన్నాను. అందుకే తల్లిదండ్రులను మీరే ఇంటింటికీ పోయి పిలవండి. వాట్సాప్ పిలుపు చాలదు.

డబ్బు దగ్గరికొద్దాం. షీల్డులు, శాలువాలు, పెద్ద ఫ్లెక్సీ వద్దు. షీల్డు అటక ఎక్కుతుంది. ఏడెనిమిది వేలు తిండికి పెట్టండి, ఊరందరికీ ఉగ్గాని బజ్జీ, టీ, పిల్లల ఇళ్ళవాళ్ళకు ఓళిగలతో రాత్రి భోజనం. ఓళిగలు లేకుండా మన వైపు శుభకార్యం ఏముంది! మిగతాది పనికి పెట్టండి. మంచి గడ్డపారలు, పారలు, తోలు గ్లవ్స్, ముళ్ళకు ఆగే బూట్లు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె. సాయంత్రం చదువుకు ఒక నల్లబల్ల, దీపం, బొమ్మల పుస్తకాలు. ఏం కొనాలో మీరు నిర్ణయించొద్దు, పిల్లల్నే జాబితా రాయమనండి, వాళ్ళే పోయి బేరమాడి కొనుక్కు రావాలి. లెక్క రాసి సభలో చదవాలి. చిన్న డబ్బు నిజాయితీగా ఖర్చుపెట్టి పదిమందిలో లెక్క చెప్పడం కన్నా మించిన శిక్షణ నేను ఎక్కడా చూడలేదు. లెక్క రాసే ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయ్యేలా చూడండి.

ప్రశంసాపత్రం మాత్రం తప్పక ఇవ్వండి, అయితే రంగుల అట్ట మీద 'విశిష్ట సేవలకు గాను' అని అచ్చేసింది కాదు. పంచాయతీ లెటర్‌హెడ్ మీద సర్పంచ్, బడి హెడ్మాస్టర్ సంతకాలతో మామూలు ఉత్తరం. ఇలా ఉండాలి: 'ఫలానా విద్యార్థిని ఈ వేసవిలో 11 ఆదివారాలు, రోజుకు మూడు గంటల చొప్పున మా గ్రామ చెరువు వంకలో కంప తొలగించే పనిలో పాల్గొన్నది. పనిముట్ల లెక్క, నీళ్ళ ఏర్పాటు ఆమే చూసుకున్నది.' గంటలు, రోజులు, చేసిన పని ఉంటే ఆ కాగితానికి విలువ. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఆ పిల్ల తడుముకోకుండా చెప్పగలదు. ఎన్ఎస్ఎస్‌లో కూడా లెక్క గంటల్లోనే, రెండేళ్ళలో 240 గంటలు. గాంధీజీ శతజయంతి ఏడు 1969లో సెప్టెంబరు 24న ఆ పథకం మొదలైనప్పుడు 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది ఉండేవారు. మీ డిగ్రీ పిల్లలు వాళ్ళ కాలేజీలో ఇంకా చేరకపోతే చేరమనండి. ఊళ్ళో చేస్తున్న పనే అక్కడా చేయవచ్చు.

రక్తదానం చేసే పిల్లల విషయంలో జాగ్రత్త. 18 నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. 'ఎవరు ఎక్కువసార్లు ఇచ్చారో వాళ్ళకు ప్రత్యేక సన్మానం' అని ప్రకటించారనుకోండి, పదిహేడేళ్ళవాడు వయసు పెంచి చెబుతాడు, మొన్ననే ఇచ్చినవాడు ఇవ్వలేదని చెప్పి ఇవాళ మళ్ళీ ఇస్తాడు. సార్లు లెక్కపెట్టొద్దు. బ్లడ్ గ్రూపుల పుస్తకం రాసిపెట్టి, అర్ధరాత్రి ఫోనొస్తే ఎవరిని లేపాలో చూసుకుంటున్నవాడిని మెచ్చుకోండి.

ఇంకొకటి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు, ఫలానా అమ్మాయి తన స్నేహితురాలికి 18 నిండకుండానే పెళ్ళి చేస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఆపించింది అని బయటపడవచ్చు. మన జిల్లాల్లో ఇలాంటి ధైర్యవంతులు ఉన్నారు. ఆ అమ్మాయిని వేదికెక్కించి ఆ మాట మైకులో చెప్పొద్దు. ఫోన్ చేసినవాళ్ళ పేరు బయటికి రాకూడదు, ఆ పెళ్ళి ఆగిన పిల్ల పేరు అసలే రాకూడదు. ఆ ఇద్దరూ అదే ఊళ్ళో బతకాలి. ఆ అమ్మాయి ఇంటికి పోయి, లేకపోతే బడిలో టీచరమ్మ ద్వారా, ఒక మాట చెప్పి రండి, చాలు. 18 నిండని పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు కూడా ఇంట్లోవాళ్ళను అడగండి.

సభ అయ్యాక ఏం చేస్తారన్నదే నాకు ముఖ్యం. 18 నిండి ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ గ్రామసభ సభ్యులే. మీ డిగ్రీ పిల్లలు ఒక్కరైనా ఎప్పుడైనా గ్రామసభకు వచ్చారా? వచ్చేసారి గ్రామసభలో వాళ్ళకు పది నిమిషాలు ఇవ్వమని సర్పంచ్‌ను ఇప్పుడే అడగండి. వంకలో ఎంత దూరం తెరిచారు, ఇంకా ఎంత మిగిలింది, ఎక్కడ కల్వర్టు పూడిపోయింది, ఉపాధి హామీ కింద ఏ పని పెట్టించుకోవచ్చు అన్నది వాళ్ళే చెప్పాలి. పిల్లలు చేతులతో చేయలేని పని ఉంటుంది, అది పంచాయతీ చేయాలి. అది అడిగే హక్కు వాళ్ళకుందని ఊరు ఒప్పుకోవడమే నా దృష్టిలో అసలు సన్మానం. చిన్నపిల్లలు కూడా వచ్చి కూర్చోవచ్చు, చూసి నేర్చుకుంటారు.

చెరువు నిండి మరవ పారే ఏడు వస్తే గంగమ్మకు పూజ చేసి హారతి ఇస్తారు కదా, ఆ రోజు ఈ పద్నాలుగు మందినీ కట్ట మీదికి ముందు పిలవండి. అది ఎప్పుడొస్తుందో వాన చేతిలో ఉంది కాబట్టి జనవరి దాకా ఆగకుండా అప్పుడే చేసినా తప్పులేదు.

చదువు చెప్పే ఆ అమ్మాయికి నా దగ్గర నుంచి ఒకటి. మా ఇంట్లో చిన్నపిల్లల తెలుగు పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి, పెద్ద అక్షరాలవి. మనవరాలు పెద్దదైపోయింది, ఇప్పుడు వాటితో పని లేదు. ఆమె దగ్గర చదువుకునే పిల్లల్లో ఎంతమందికి చదవడం వచ్చు, ఎంతమంది ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నారు అని ఆమెనే అడిగి రాయండి. దాన్నిబట్టి వేరుచేసి మూట కట్టి ఉరవకొండ బస్సులో పంపిస్తాను.